నాన్న పేరు, అమ్మ వేలు

ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. వంటింటి పక్క గదిలో కుట్టుమిషన్ అప్పుడే మొదలైంది. ఆ ఇంట్లో అలారంతో పనిలేదు. మిషన్ చప్పుడు వినిపిస్తే అమ్మ లేచినట్టు, ఆగితే కాఫీ కలుపుతున్నట్టు.

నాన్న ఒక చేత్తో కాఫీ కప్పు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. ప్రతి మలుపులోనూ రెండేసిసార్లు హారన్ కొడతాడని పిల్లలు ఆయనకి 'హారన్ తాత' అని పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం పిల్లిలా వస్తాడు, అందులోనూ ఇలాంటి పని మీద వచ్చినప్పుడు.

"ఇదిగో, ఒక్క నిమిషం" అన్నాడు గొంతు తగ్గించి.

"మళ్ళీనా? నిన్ననే కదా ఇచ్చాను."

"రోజూ ఇవ్వాలట. నీ కూతురు పెట్టిన రూలు."

"నా కూతురు అడిగింది మీ వేలు. నాది కాదు."

"నీ వేలేంటి, నా వేలేంటి? పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. ఇంకా నీదీ నాదీ అంటావా?"

అమ్మ కళ్ళద్దాల పైనుంచి ఆయన్ని ఒక చూపు చూసింది. స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి ఆమె వేళ్ళ నిండా సూదిపోట్లే. బొటనవేలికి ఎప్పుడూ ఒక ప్లాస్టరు చుట్టి ఉంటుంది. చూపుడు వేలు చీరకి తుడుచుకుని, ఫోను వెనక కెమెరా మీద పెట్టింది. లైటు వెలిగింది. వేలి చివర ఎర్రగా మెరిసింది.

ఒక నిమిషం కదలకూడదు, మాట్లాడకూడదు. అదే ఆ యాప్ నియమం. నిజం చెప్పాలంటే రోజు మొత్తంలో అమ్మ ఏ పనీ చెయ్యకుండా కూర్చునేది ఆ ఒక్క నిమిషమే. ఎదురుగా గోడ మీద పడే తెల్లవారు వెలుగుని చూస్తూ కూర్చునేది. అది ఆమెకి హాయిగానే ఉండేది కానీ, ఒప్పుకుంటే ఈయన ఇంకా నెత్తికెక్కుతాడని పైకి విసుక్కునేది.

ఫోను టింగుమంది. నాన్న దాన్ని జేబులో వేసుకుని, పరీక్ష పాసైన కుర్రాడిలా బస్సు డిపోకి బయల్దేరాడు. ఫలితం ఆ ఫోనులో కనపడదు. తిన్నగా వీధి చివర ఉన్న క్లినిక్‌కి వెళుతుంది. అక్కడ ఆ ఫలితాలు చూసేది వాళ్ళ కూతురే.

నాలుగు నెలల కిందట ఆ క్లినిక్ వాళ్ళు ఈ పని మొదలుపెట్టారు. కొందరికి గుండె కొట్టుకోవడంలో లయ తప్పుతుంది. కాసేపు తప్పి కాసేపటికి సర్దుకుంటుంది కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. నొప్పి ఉండదు. కానీ లయ తప్పిన గుండెలో నెత్తురు నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి చేరిందంటే, పొద్దున్నే లేచి నడిచిన మనిషికి మధ్యాహ్నానికి ఒక పక్క పడిపోతుంది. ముందే తెలిస్తే మాత్రం మాత్రలతో చాలావరకు ఆపవచ్చు. అందుకే ఈ యాప్. వేలి చివరకి నెత్తురు వచ్చి వెళ్ళడం ఫోను కెమెరా కనిపెడుతుంది, నాడి దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎంత ఎడం ఉందో కొలుస్తుంది. అది తీర్పు కాదు, అనుమానం మాత్రమే. మూడుసార్లు అనుమానం వస్తే ఆ మనిషిని పిలిచి ఈసీజీ తీస్తారు.

ఇంటింటికీ తిరిగి జనం ఫోన్లలో ఆ యాప్ పెట్టి, వేలు ఎలా ఆనించాలో నేర్పడం కూతురి ఉద్యోగం. వీధిలో ఆమెని 'వేలమ్మాయి' అనేవారు. ఆమెని చూడగానే మూల మీద బేకరీ ఆయన "వేలమ్మాయి వస్తోంది, చేతులు కడుక్కోండ్రా" అని కేకేసేవాడు. రెండు వందల పన్నెండు మందిని చేర్పించింది. మొదటి పేరు నాన్నది.

"మొదట మా నాన్నే. ఆయన వెనక యాభై మంది పిల్లలుంటారు" అంది డాక్టరుతో.

సరిగ్గా ఆ మాటే నాన్నకి గుబులు. నిరుడు ఆయన తోటి డ్రైవరు ఒకడు ఆరోగ్య పరీక్షలో గుండె జబ్బుతో దొరికిపోయాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. స్టీరింగు దగ్గర్నుంచి దింపి డిపో గేటు దగ్గర స్టూలేశారు. వచ్చే బస్సుల నంబర్లు రాసుకుంటాడు. పాత బస్సు వస్తే తలెత్తి చూడడు. నాన్న ఆ గేటు దాటేటప్పుడు హారన్ కూడా కొట్టేవాడు కాదు. కూతురు ఫోనులో యాప్ పెట్టి వెళ్ళిన రోజునే, వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. ఏదైనా ఉందని తెలిస్తే? తెలియకపోతే లేనట్టే కదా! అప్పుడే పక్క గదిలో మిషన్ చప్పుడు వినిపించింది.

"ఆవిడకేం, గుండ్రాయిలా ఉంటుంది" అనుకున్నాడు.

మూడు నెలలకి పైగా అంతా సజావుగా సాగింది. నాన్న పేరు పక్కన రోజూ పచ్చ రంగు. కూతురు మురిసిపోయింది. "యాభై తొమ్మిదేళ్ళకి మా నాన్న గుండె గడియారం" అని బేకరీలో కూడా చెప్పుకుంది. ఆ మాట విన్న రోజు నాన్న కాస్త సిగ్గుపడ్డాడు కానీ, మర్నాడు పొద్దున్న మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు.

ఒక గురువారం ఆ పేరు పక్కన ఎరుపు వచ్చింది. వేలు సరిగా ఆనలేదేమో అనుకుంది కూతురు. శుక్రవారమూ ఎరుపే. శనివారం పొద్దున్న క్లినిక్ తలుపు తీయగానే ముందు ఆ పేరే చూసింది. అది చూశాక ఆమె చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసింది. నాన్న ముందు గదిలో బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. పక్క గదిలో మిషన్ నడుస్తోంది.

"నాన్నా, ఆ బూట్లు పక్కన పెట్టు. నీతో మాట్లాడాలి."

"ఏంటి తల్లీ, ఈ టైములో వచ్చావు?"

"వరసగా మూడు రోజులు నీ గుండె లయ తప్పింది. ఈరోజైతే మరీ ఎక్కువగా ఉంది. ఇప్పుడే లే, క్లినిక్‌కి వెళ్ళి ఈసీజీ తీయించుకుందాం."

పక్క గదిలో మిషన్ ఆగింది.

నాన్న చేతిలోంచి బ్రష్షు జారిపోయింది. "నాకా?" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నాకూ రెండ్రోజులుగా ఏదో నలతగానే ఉందమ్మా. నిన్న మెట్లెక్కుతుంటే ఆయాసం కూడా వచ్చింది."

ఇక్కడ ఆయన్ని చూసి నవ్వకండి. మూడు నెలలకి పైగా ఒక్కరోజు కూడా ఆ కెమెరా మీద వేలు పెట్టని మనిషి, నిజంగానే భయపడ్డాడు. నుదుట చెమట పట్టింది. తన పేరుతో వచ్చిన కబురు తనదే అనుకున్నాడు. తన పేరుతో ఇంకొకరి వేలు వెళ్ళిందన్న సంగతి ఆ క్షణంలో ఆయనకి తోచనేలేదు. తనదే అన్నంతగా అలవాటైపోయిన చెయ్యి అది.

"మొన్నే ఎందుకు చెప్పలేదు?" కూతురి గొంతు లేచింది. "ఆయాసం వస్తోందని ఒక్క మాట చెప్పడానికేం? ఊరందరికీ చెప్పి వస్తాను, మా ఇంట్లో వాళ్ళు మాత్రం నాకు చెప్పరు!"

"నలతే కదా అనుకున్నాను..."

"సోమవారం నువ్వు బస్సెక్కడానికి వీల్లేదు."

"అంత మాటనకే! నన్ను కూడా గేటు దగ్గర కూర్చోపెడతారు. స్టూలు మీద. వాణ్ణి చూశావు కదా."

"చూశాను. బతికున్నాడు. నువ్వు స్టీరింగు మీద పడిపోతే నీ వెనకున్న యాభై మంది అమ్మలకి నేనేం చెప్పాలి? నువ్వు చెప్పకపోతే నేనే మీ సూపర్‌వైజరుకి ఫోను చేస్తాను." అప్పటిదాకా గట్టిగా మాట్లాడుతున్నదల్లా ఒక్కసారిగా ఏడ్చేసింది. "నీ ఉద్యోగం పోయినా ఫర్వాలేదు. నువ్వు నాకు కావాలి నాన్నా."

అమ్మ ఒక గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. వంటింట్లోంచి ముందు గదికి పది అడుగులు కూడా ఉండవు, ఆ కాస్త దూరానికే ఊపిరి అందడం లేదు. కూతురు అది చూడలేదు. నాన్న వైపే చూస్తోంది.

"ముందు నీళ్ళు తాగండి" అంది అమ్మ. "ఇద్దరూ అరుచుకోకండి. ఆ ఫోనే పాడైందేమో, ఎవరికి తెలుసు?"

నాన్న గ్లాసు అందుకోబోయాడు. గ్లాసు చుట్టూ ఆమె వేళ్ళు. బొటనవేలికి ప్లాస్టరు. పక్కనే చూపుడు వేలు.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మొదట ఆయనకి ప్రాణం లేచొచ్చింది. నిజం దాచడమెందుకు? 'అమ్మయ్య, ఇది నాది కాదు' అనుకున్నాడు. ఒక్క క్షణం, కన్ను మూసి తెరిచేంతసేపు, సంతోషించాడు. తర్వాత తలెత్తి భార్య ముఖం చూశాడు. ఆమె ఆయనకేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అంటే ఆమెకి తెలుసు. కూతురు 'మూడు రోజులు' అన్నప్పుడే తెలిసింది. తెలిసీ, భర్త దొంగతనం బయటపడకూడదని నీళ్ళు తెచ్చింది. తను సంతోషించిన ఆ క్షణం గుర్తొచ్చి నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు.

"తల్లీ" అన్నాడు. "ఆ వేలు నాది కాదు."

"ఏంటి?"

"ఒక్కరోజు కూడా నేను పెట్టలేదు. భయమేసింది. రోజూ మీ అమ్మ చేత పెట్టించాను."

కూతురు నాన్నని చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. అంతలో ఆ మాటకి అర్థం మెల్లగా లోపలికి దిగింది. నాన్న మీద కోపం అక్కడే ఆగిపోయింది. ఆమె అమ్మ వైపు తిరిగింది.

"నాకేమే, నేను శుభ్రంగా ఉన్నాను" అంది అమ్మ చేతులు చీర వెనక దాచుకుంటూ. "ఇంకా పద్నాలుగు చొక్కాలు కుట్టాలి. కాలర్లు కూడా వెయ్యలేదు."

"చెయ్యి ఇవ్వమ్మా."

"అబ్బా..."

"ఇవ్వు!"

కూతురు అమ్మ మణికట్టు పట్టుకుంది. ఈ నాలుగు నెలల్లో ఎన్ని చేతులు పట్టుకుందో లెక్కలేదు. ఈ చెయ్యి మాత్రం ఎప్పుడు పట్టుకుందో గుర్తు రాలేదు. రోడ్డు దాటడానికి చిన్నప్పుడు పట్టుకుని ఉంటుంది. వేళ్ళ కింద నాడి రెండు దెబ్బలు గబగబా కొట్టి, ఆగి, మళ్ళీ నాలుగు దెబ్బలు పరుగెత్తింది. యాప్ అక్కర్లేదు.

"అమ్మా, నీకిలా దడగా ఎన్నాళ్ళనుంచి ఉంది?"

"దడంటే... మిషన్ మీదనుంచి లేచాక కూడా లోపల మిషన్ నడుస్తున్నట్టే ఉంటుంది. మోటారు పెట్టించుకున్నాం కదా, దాని అదురు ఒంట్లో ఉండిపోయిందనుకున్నాను. పక్కింటావిడ కూడా మోటారు మిషన్లతో నరాలు అదురుతాయంది."

"ఎప్పట్నుంచి?"

"ఏమో. అప్పుడప్పుడూ వస్తుంది, పోతుంది. ఈ వారం మాత్రం పోవట్లేదు."

"నాకు చెప్పాలని అనిపించలేదా?"

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. "మిషన్ సంగతి నీకెందుకు చెప్తాను? మెకానిక్‌కి చెప్పాను."

ఏడవాలో నవ్వాలో తెలియని మాటలు కొన్ని ఉంటాయి. మెకానిక్ నిజంగానే వచ్చాడు. మోటారు విప్పి, నూనె పోసి, దీనికేం లేదమ్మా అని చెప్పి వెళ్ళాడు.

నడిచే దూరమే అయినా ముగ్గురూ ఆటోలో వెళ్ళారు. నాన్న ఆమె పక్కన కూర్చుని దారంతా ఆ చెయ్యి వదల్లేదు. క్లినిక్‌లో మంచం మీద పడుకోబెట్టి, గుండెకీ చేతులకీ కాళ్ళకీ తీగలు పెట్టారు. కాగితం మీద గీతలు బయటికి వచ్చాయి. డాక్టరు ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది.

"ఫోను చెప్పింది నిజమే. గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయి" అంది. "భయపడకండి, చెయ్యిజారిపోలేదు. నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలు రాస్తాను. రోజూ వేళకి వేసుకోవాలి, మానకూడదు. పెద్దాసుపత్రిలో గుండె స్కాను కూడా చేయించండి. మీరు కుట్టుపని చేస్తారా? అయితే ఇకనుంచి సూది గుచ్చుకుంటే నెత్తురు కాస్త ఎక్కువసేపు కారుతుంది. గట్టిగా అదిమి పట్టుకోండి."

అమ్మ బుద్ధిగా తల ఊపింది. "పద్నాలుగు చొక్కాలు..." అని మొదలుపెట్టి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది.

డాక్టరు రికార్డు తెరిచి వెతికింది. "ఈవిడ పేరు మన జాబితాలో లేదే? మీ వీధి అంతా చేర్పించావు కదా?"

"అమ్మకి ఫోను లేదు డాక్టర్" అంది కూతురు.

"ఓ" అంది డాక్టరు. ఆ ఒక్క అక్షరమే కూతురికి ఎక్కువ తగిలింది. రెండు వందల పన్నెండు మంది. బేకరీ ఆయన, ఆయన తమ్ముడు, కొరియర్ తెచ్చేవాడు కూడా ఉన్నారు. జాబితాలో ప్రతి పేరుకీ ఒక గడి ఉంది. దాన్ని నింపడానికి ఫోను నంబరు కావాలి. అమ్మకి ఫోను ఎందుకు లేదని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆమెతో పనున్నవాళ్ళు కేకేస్తే పలికేది కదా!

"నాన్న దొంగవేలు పెట్టించకపోతే నిన్ను నేను చూసేదాన్నే కాదు అమ్మా" అంది, ఆ మంచం పక్కన కూర్చుని. "గుండ్రాయిలా ఉంటావు కదా అనుకున్నాను."

అమ్మ ఆమె తల నిమిరింది. "ఊరుకో. రాళ్ళకి కూడా అప్పుడప్పుడూ నూనె పొయ్యాలి కాబోలు."

అంతవరకూ గోడకి ఆనుకుని నిలబడ్డ నాన్న ముందుకొచ్చాడు. చొక్కా గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మా, నాది కూడా తియ్యండి. ఈసారి నాదే."

తీశారు. రక్తపోటు కాస్త ఎక్కువ ఉంది, ఉప్పు తగ్గించమంది. గుండె లయ మాత్రం నిక్షేపంగా ఉందంది. మూడు నెలలకి పైగా ఆయన పడ్డ భయానికి జవాబు ఈ ఒక్క మాటే. ఇప్పుడు అది విన్నా ఆయన ముఖంలో వెలుగు రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఒక గుండీ తప్పు కాజాలో పెట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ మంచం మీదనుంచే చెయ్యి చాపి ఆ గుండీ సరిచేసింది.

ఆ తర్వాతి వారమంతా కూతురు మళ్ళీ మొదటి ఇంటినుంచి మొదలుపెట్టింది. ఈసారి ఆమె చేతిలో క్లినిక్ ఫోను ఒకటుంది. "వేలమ్మాయీ, మావన్నీ అయిపోయాయి కదా?" అన్నారు జనం.

"మీ ఇంట్లో ఫోను లేనివాళ్ళెవరు?" అని అడిగింది ప్రతి గుమ్మం దగ్గరా.

జనం కాసేపు ఆలోచించుకోవలసి వచ్చింది. తర్వాత లోపలికి చూసేవారు. "మా అత్తయ్య ఉంది. అయినా ఆవిడకేం, మాకంటే గట్టిగా ఉంటుంది" అంది ఒకావిడ నవ్వుతూ. కూతురు నవ్వలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

ఆ పై సోమవారం పొద్దున్న, ఆరు కావడానికి పది నిమిషాలు. నాన్న రెండు కాఫీ కప్పులతో గుమ్మంలోకి వచ్చాడు. ఒకటి మిషన్ బల్ల మీద పెట్టి, పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గేటు దగ్గర ఆయన భయపడ్డ స్టూలు లాంటిదే అది.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను. మీరు రోజుకి ఎన్నిసార్లు అడుగుతారు?"

"వేలు పెట్టు."

ఫోను నాన్నదే. అందులో ఇప్పుడు రెండు పేర్లున్నాయి. ముందు ఆయన వేలు పెట్టాడు, తనదే. తర్వాత ఆమె. లైటు వెలిగింది. అమ్మ ఎప్పటిలాగే గోడ మీది వెలుగుని చూస్తూ కూర్చుంది. ఎన్నాళ్ళుగానో ఈ నిమిషంలో ఆయన ఫోను వైపే చూసేవాడు, ఎప్పుడు టింగుమంటుందా అని. ఈరోజు ఆమె ముఖం చూశాడు. చెంప మీద ఒక తెల్ల దారం అతుక్కుని ఉంది. కణతల దగ్గర జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆయనకి తెలియదు.

ఫోను టింగుమంది. అమ్మ మిషన్ వైపు తిరగబోయింది.

"ఇంకొక్క నిమిషం కూర్చో" అన్నాడు నాన్న.

"అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు?"

"ఫోను కోసం కాదులే."

అమ్మ ఆయన్ని చూసింది. తిరిగి గోడ మీది వెలుగుని చూసింది. కూర్చుంది.